మా రాయి

ముందుగా ఒక మాట. నాకు ఒత్తులు నిలవవు. దీర్ఘం పెట్టాల్సిన చోట మరిచిపోయి, అక్కర్లేని చోట పెడతాను. ఒక్కో వాక్యం రాయడానికి ఎసరు మరిగేంతసేపు పడుతుంది. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, కోప్పడకండి. ఇందులో తప్పులుంటే ఎవరైనా సరిచేసి అచ్చు వేసుకోవచ్చు. ఒక్క తప్పును మాత్రం ఎవరూ సరిచేయలేరు, అది కాగితం మీద లేదు. దాని సంగతి చెప్పడానికే ఈ కథ.

మా ఆయన రాతిపని మేస్త్రి. ఊళ్ళో అందరికీ పెద్దమేస్త్రి. ఆయన తమ్ముడు, నా మరిది, చిన్నమేస్త్రి. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళు కట్టిన ఇల్లుంది. మధ్యలో రాతిగోడ పెట్టి రెండు వాటాలు చేశారు. గోడకి ఇవతల నేను, అవతల నా తోడికోడలు. అది ఎంత మందం గోడ అయితేనేం, ఆమె నవ్వు మాత్రం ఆగదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానని ఎవరో నాలాంటిదే అని ఉంటుంది.

ఆమెకి చిన్నప్పటి నుంచి చదువొచ్చు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేది, నాకు వినబడాలనే. నేను అక్షరాలు నేర్చుకున్నది జ్ఞానం కోసమని రాత్రిబడి పంతులమ్మ అందరికీ చెబుతుంది. చెప్పనివ్వండి. ఆ పేపరు ఆమె నోటి నుంచి వినడం ఇష్టంలేక నేర్చుకున్నాను. నేను మొట్టమొదట రాసిన మాట 'రాయి'. పంతులమ్మ బోర్డు దగ్గరికి పిలిచి "రాయి" అంది. రాయమంటోందా, రాయి అని రాయమంటోందా తెలియక నిలబడిపోయాను. తీరా చూస్తే రెండూ ఒకటే.

ఆమెది పుర్రచేతి వాటం. చీపురు పట్టినా, గరిటె పట్టినా ఎడమచేత్తోనే. మా అత్త రోజంతా అరిచేది, "ఆ పుర్రచెయ్యి పక్కన పెట్టవే!" అని. ఆమె నవ్వి, మళ్ళీ ఆ చేత్తోనే పని చేసేది. చివరికి అదే పేరైపోయింది. వీధిలో ఇప్పటికీ పుర్రచేతి చిన్నకోడలంటేనే తెలుస్తుంది.

వాగు మీద వంతెన అన్నదమ్ములిద్దరూ కట్టిందే. ఒకటే కమాను. ఇనుము లేదు, సిమెంటు లేదు, చెక్కిన రాళ్ళూ సున్నమూ అంతే. ముందు కర్రలతో వంపు చట్రం నిలబెడతారు. దాని మీద రెండు ఒడ్డుల నుంచీ రాళ్ళు పేర్చుకుంటూ పైకి వస్తారు. చివరికి నడినెత్తిన ఒక రాయి పట్టేంత సందు మిగులుతుంది. ఆ రాయి పడేదాకా మిగతావన్నీ కర్రల మీద బరువే. అది పడ్డాక చట్రం తీసేస్తే ఒక దాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. వెంట్రుకంత లావైతే రాయి దిగదు, వెంట్రుకంత సన్నమైతే కమాను జారిపోతుంది.

"రాయిని రాయి తోస్తుంటేనే కమాను నిలబడేది" అనేవారు మా ఆయన, "మా ఆవిడా మా మరదలూ మా ఇంటిని నిలబెట్టినట్టు." అందరూ నవ్వేవాళ్ళు. తోడికోడలు అందరికన్నా ఎక్కువ.

ఆ నడిమి రాయి గురించి మాత్రం ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. వంతెన దాటినప్పుడల్లా అక్కడ ఒక్క క్షణం ఆగి, "ఇది మా రాయి" అనేవారు. మా అంటే అన్నదమ్ములిద్దరూ అనుకునేదాన్ని. అది పెట్టినప్పుడు నేను ఊళ్ళో లేను, పెద్దదాని పురిటికి పుట్టింటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వంతెన మీద బళ్ళు తిరుగుతున్నాయి.

ఈ ఎండాకాలం వాగు ఎండిపోయాక వంతెనకి మరమ్మతు మొదలుపెట్టారు. పాత సున్నం గీకి, మసి కడిగి, రాళ్ళ సందులు మళ్ళీ నింపుతున్నారు. ఆ పని చూసే ఇంజనీరమ్మ మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, పిట్టగోడ మీద ఒక పలక పెడుతున్నాం. చిన్న పలక, ఒక్క వరసే పడుతుంది. నడిమి రాయి చెక్కినవాళ్ళ పేరు వేద్దామని. ఎవరు చెక్కారు?"

"మా ఆయన" అన్నాను, గోడ అవతలి వాటా నుంచి ఆమె బయటికి వచ్చేలోగా.

అప్పటికే వచ్చేసింది. "బావగారా?" అంది.

"కాక? మీ ఆయన అప్పుడు కంట్లో రాతిపెచ్చు పడి, కట్టు కట్టుకుని మంచం మీదున్నాడని నువ్వేగా చెప్పావు?"

"నేను చెప్పినవన్నీ భలే గుర్తుంటాయే నీకు!"

"గుర్తుండక? రోజూ వినలేక చస్తుంటేనూ!"

ఇంజనీరమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, "ఒకసారి వచ్చి ఆ రాయి చూడండి, కడిగాక బాగా కనిపిస్తోంది" అని లేచింది. నాకు గర్వంగా ఉంది. ఊరికొచ్చే ప్రతివాడూ నా మొగుడి పేరు చదివి వాగు దాటాలి. ఈమె కూడా చదవాలి, పైకి, పేపరు చదివినట్టు. నాకు కావలసింది అదే.

కమాను కింద చెక్కలతో మెట్లూ అటకా కట్టారు. నన్ను ఒకరు ముందు నుంచి లాగుతూ, ఒకరు వెనక నుంచి తోస్తూ ఎక్కించారు. తోడికోడలు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. ఆ మోకాళ్ళు చూసి నాకు ఒళ్ళు మండింది.

రాయి నా తలపైన చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఉంది. మసి పోయి ఉలి గీతలు నిన్న పెట్టినట్టున్నాయి. ఉలి గీతలు నాకు కొత్త కాదు. మా పెరట్లో రాళ్ళన్నీ వాటితోనే నిండి ఉంటాయి. కుడిచేత సుత్తి, ఎడమచేత ఉలి పట్టినవాడి గీతలు గాలివానలా ఒక వైపుకే వాలుతాయి, కుడి పైనుంచి ఎడమ కిందికి. అన్నదమ్ములిద్దరివీ అంతే. చుట్టుపక్కల రాళ్ళన్నిటి మీదా వాన అటే కురుస్తోంది. ఈ ఒక్క రాయి మీద మాత్రం ఇటు కురుస్తోంది.

వెనక్కి తిరిగాను. ఆమె జారిన కొంగు ఎడమచేత్తో సర్దుకుంటోంది.

"నువ్వా?" అన్నాను.

ఎన్నడూ లేనిది, ఆమె నవ్వలేదు.

"చెప్పవే!"

"ఇంకేం చేసేదక్కా? మా ఆయన కళ్ళకి కట్టు. వాగు పైన వానలు పడుతున్నాయని కబురొచ్చింది. నీళ్ళొస్తే చట్రం పోతుంది, చట్రంతో కమానూ పోతుంది. బావగారు కర్రల మీద నిలబడి సందు కొలవాలి, పక్క రాళ్ళు సరిచూడాలి. రాయి చెక్కేదెవరు? మా ఆయన పక్కన కూర్చుని వేళ్ళతో తడిమి చెప్పేవాడు, ఇక్కడ ఇంకా తియ్యి, ఇక్కడ ఆపు అని. నేను కొట్టాను. బావగారు మూడుసార్లు దించి చూసి, మూడుసార్లూ వెనక్కి పంపారు. నాలుగోసారి కూర్చుంది."

"నీకు ఉలి పట్టడం ఎవరు నేర్పారు?"

"నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు పెరట్లో పనికిరాని రాళ్ళ మీద కొట్టేదాన్ని. బావగారే సుత్తి ఎక్కడ పట్టాలో చూపించారు."

బావగారే. మా ఆయన నా చేతికి ఇచ్చినవి చద్ది గిన్నె, తడి తువ్వాలు, విరిగిన సుత్తి పిడి. అది కూడా పొయ్యిలోకి.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆడదాని చేతి రాయంటే ఊళ్ళో వంతెన ఎక్కరని అత్త ఒట్టు వేయించుకుంది."

"అత్త పోయి ఎన్నాళ్ళయింది?"

ఆమె చెక్కల వైపు చూసింది. "నీకు చెబితే దండోరా వేసినట్టేనని బావగారు అన్నారు."

అప్పుడు తగిలింది నాకు. ఇది మా రాయి. ఆయన మన రాయి అని ఒక్కనాడూ అనలేదు. మన అంటే నేనూ ఉంటాను. మా అంటే నేను లేను. ఆ చిన్న మాటలో తమ్ముడున్నాడు, మరదలుంది, వాగుంది, వానుంది. పక్కన నిలబడి తలూపుతున్న పెళ్ళాం ఒక్కతే లేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మాట నా చెవిలోనే అన్నారు, నాకు వినపడలేదు.

నన్ను కిందికి దింపారు. ఇంజనీరమ్మ ఏమైందని అడిగితే కళ్ళు తిరిగాయన్నాను. ఇంటికి వచ్చి అన్నం పెట్టుకున్నాను, తినలేకపోయాను. గోడ అవతల గిన్నె కదిలినా నాకు సుత్తి చప్పుడులాగే ఉంది.

మర్నాడు ఆమె నా వాటాలోకి వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది.

"పలక మీద బావగారి పేరే వేయించక్కా. ఈ వయసులో నాకెందుకు అదంతా? నేను ఎవరితోనూ అనను."

ఆమె మంచిమనసుతోనే అంది. అదే నేను ఓర్వలేకపోయాను. నా మొగుడి పేరు ఈమె నాకు దానం చేస్తుందా? అప్పుడు వాగు దాటే ప్రతివాడూ ఆయన పేరు చదువుతాడు, నేను చదివినప్పుడల్లా ఈమె దయ చదువుతాను. గోడ అవతల కూర్చుని ఈమె గొప్పగా, నోరు మూసుకుని, నా మీద జాలిపడుతూ బతుకుతుంది. ఆమె నవ్వితే పడగలను. జాలి పడితే మాత్రం బతకలేను.

"నీ ముష్టి నాకక్కర్లేదు. నీ రాయి, నీ పేరే పడుతుంది" అన్నాను.

"కోపంతో అంటున్నావు."

"కోపంతోనే. అయితే ఏం? అబద్ధమా?"

అక్షరాలు చెక్కే అతను పలక తెచ్చాడు. ఇంట్లోవాళ్ళ చేతిరాత అయితే బాగుంటుందని ఇంజనీరమ్మ ముందే చెప్పి పై ఊరి పని మీద వెళ్ళింది. సుద్దతో పలక మీద రాస్తే, ఆ గీతల వెంటే అతను చెక్కుతాడు. నేను సుద్దముక్క తోడికోడలికి చాపాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నా పేరు నేనే రాసుకుంటే బాగుండదు. నువ్వే రాయి."

"ఎవరే రాయి?"

"నువ్వే" అంది నవ్వు ఆపుకుంటూ.

సరేనని వంగాను. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, నడుము పట్టేసేదాకా రాశాను. 'ఇది పుర్రచేతి చిన్నకోడలు చెక్కిన రాయి.' నా కళ్ళకి ముత్యాల్లా కనిపించాయి. ఆమె చూడబోతే, "అయ్యాక చూద్దువుగాని" అని అడ్డం నిలబడ్డాను. ఆ అతను తనకి చదువు రాదని, గీతే వచ్చని చెప్పి, సుద్ద ఎటు పోతే ఉలి అటు పోనిచ్చాడు.

పలక పిట్టగోడలో కూర్చోబెట్టిన రోజు ఊళ్ళో సగం మంది వచ్చారు. ఆమె ముందుకి వెళ్ళి పైకి చదివింది, నేను కోరుకున్నట్టే, పేపరు చదివినట్టు.

"ఇది... పుర్రె... పుర్రెచేతి చిన్నకోడలు..."

ఒక్క ఎత్వం. 'ర్ర'కి నెత్తిన కొమ్ములా ఒక్క ఎత్వం ఎక్కువ పడింది. ఎడమచేతి మనిషి కాస్తా పుర్రెచేతి మనిషైపోయింది. జనం పడీ పడీ నవ్వారు.

"కావాలనే చేశావు కదూ?" అంది నా వైపు తిరిగి. "కుళ్ళుతో చేశావు!"

"నా పిల్లల మీద ఒట్టు. నాకు ఎత్వం ఎక్కడుండాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు."

ఎవరూ నమ్మలేదు. నన్ను ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు. మీరైనా నమ్మండి. అందుకే మొదట్లోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంజనీరమ్మ వచ్చి పలక మార్పిస్తానంది. తోడికోడలు వద్దంది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. మంచి పేరైతే జనం చదివి దాటిపోతారు. పుర్రెచెయ్యి అంటే ఆగుతారు, ఎవరామె, ఏమా కథ అని అడుగుతారు. ఇప్పుడు సాయంత్రమైతే ఆమె ఆ పిట్టగోడ మీదే కూర్చుంటోంది. వచ్చినవాళ్ళకల్లా వాన, చట్రం, కళ్ళకట్టు, నాలుగోసారి కూర్చున్న రాయి, అన్నీ చెబుతోంది. ఎడమచెయ్యి ఎత్తి చూపిస్తోంది కూడా. నా తప్పు మీద కూర్చుని పేరు తెచ్చుకుంటోంది. రాసిందెవరని ఒక్కరూ అడగరు.

మొన్న ఓర్చుకోలేక నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఎవరో దంపతులు పలక చదివి నవ్వుతున్నారు. ఆమె కథంతా చెప్పి, నన్ను మోచేత్తో పొడిచింది.

"ఆ ఎత్వం ఉంది చూశారూ, అది మా అక్కది. రాయి నాది, తప్పు ఈమెది. ఇది మన రాయి, కదే అక్కా?"

మన అంది. ఆ మాట నేను అనాల్సింది. అక్కడ కూడా ఆమే ముందు అనేసింది.

రాసినది: పెద్దకోడలు. అరవై తొమ్మిదేళ్ళు. ఉండేది రాతి ఇంట్లో, గోడకి ఇవతలి వాటాలో.