మడత పడని దస్తర్‌ఖాన్

జగ్గయ్యపేటలో షాహిదాబీ ఇంట్లో భోజనాలయ్యాక దస్తర్‌ఖాన్ మడత పడకపోతే ఎవరూ కంగారుపడరు. నేలమీద పరిచి అందరూ చుట్టూ కూర్చుని తినే ఆ గుడ్డ, ఇంట్లో ఒక్కరు పస్తున్నా మడత పడదు. ఎవరు తినలేదో వెతుకుతారు, అంతే. ఓసారి మేడమీద అద్దెకుండే భవానీప్రసాద్ పెళ్లాంతో పోట్లాడి నీళ్ల ట్యాంకు పక్కన అలిగి కూర్చున్నాడు. షాహిదాబీ పైకెక్కి, చీవాట్లు పెట్టి, లాక్కొచ్చి పప్పుచారన్నం తినిపించాకే గుడ్డ దారికొచ్చింది.

మనవరాలు రుబీనా నందిగామ దగ్గరి కాలేజీ నుంచి ఎక్స్ఛేంజి మీద ఏడాది చదువుకి జపాన్ వెళ్తుంటే, ఆ గుడ్డనే పెట్టెలో పెట్టిందామె.

“దాని బదులు ఇంకో పచ్చడి డబ్బా పడుతుంది కదమ్మా,” అన్నాడు కొడుకు జిలానీ.

“పచ్చడి అయిపోద్దిరా,” అంది షాహిదాబీ.

అక్కడి హాస్టల్ చూసి రుబీనాకి ఒళ్లు మండింది. వంటగది ఒకటే, కానీ ఉప్పు డబ్బా కూడా ఎవరిది వాళ్లదే. ఎదురుపడితే వంగి క్షమించమంటారు, గిన్నె పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటారు. ఇంతమంది ఆడపిల్లలు ఉండి ఒంటరిగా తినడమేంటి, చోద్యం కాకపోతే!

మొదటివారం ఎండుమిర్చి తాలింపేసింది. పొగకి అలారం మోగి అందరూ రోడ్డుమీద పడ్డారు. ఎవరో ఫిర్యాదు చేశారు. తర్వాత రంజాన్ పండక్కి సేమ్యా చేసి, ఊళ్లో అలవాటు ప్రకారం తలుపు తలుపూ కొట్టి పంచింది. మళ్లీ ఫిర్యాదు. ఇంకొక్కటి వస్తే గది ఖాళీ చేయాలి, చదువు ఆపేసి ఇంటికెళ్లాలి అని చెప్పేశారు.

ఇంకొకరైతే నోరు మూసుకునేవాళ్లు. రుబీనా ఆదివారం పొద్దున్నే కోడికూర వండి, హాల్లో దస్తర్‌ఖాన్ పరిచి కూర్చుంది. గుడ్డ పరవకూడదని ఏ రూల్లోనూ లేదు మరి. ఆ అంతస్తు లీడరు అయాకా వద్దని చెప్పడానికొచ్చి, వాసనకి మెత్తబడి కూర్చుంది. ఒక్కొక్కరే మిగతావాళ్లూ చేరారు. తిన్నారు, నవ్వారు. తీరా ఎత్తేద్దామంటే గుడ్డ మడత పడలేదు. నలుగురు పట్టినా లాభం లేకపోయింది.

“ఎవరో తినలేదు,” అంది రుబీనా.

“నగిసా అయ్యుంటుంది. చివరి గది,” అంది అయాకా. “తను బయటికే రాదు. ఆ తలుపు మాత్రం కొట్టకు. ఫిర్యాదు చేసిందంటే నువ్వు ఇంటికే.”

రుబీనా నాయనమ్మకి ఫోన్ చేసింది. “దాదీమా, గుడ్డ మడత పడట్లా. తలుపు కొడితే పంపించేస్తారంట.”

“పంపిస్తే పంపించనీయే! నువ్వొస్తే నేను అన్నం పెట్టనా? ముందా పిల్లకి పెట్టు.”

రుబీనాకి భయం వేసింది. చదువు పోతే ఏం చేయాలో తెలీదు. అయినా వెళ్లి అరచేత్తో తలుపు బాదింది, జగ్గయ్యపేటలో బాదినట్టే.

“కంప్లయింట్ రాస్తే రాసుకో! కానీ తిన్నాక రాయి!”

చాలాసేపటికి తలుపు కాస్త తెరుచుకుంది. పాలిపోయిన మొహం, వెనక కట్టేసిన అట్టపెట్టెలు. చదువు మానేసి వెళ్లిపోతోందన్నమాట.

“ఆ రెండుసార్లూ రాసింది నేనే,” అంది నగిసా. “నీ వంట వాసనకి ఆకలేసేది. బయటికి రాలేక ఏడుపొచ్చేది.”

“సరేలే, పద. కూర చల్లారిపోతోంది.”

నగిసా వచ్చింది. ముందు మెతుకు మెతుకు, తర్వాత కంచం ఖాళీ. అయినా గుడ్డ మడత పడలేదు. అందరూ మొహాలు చూసుకున్నారు.

నగిసా మాత్రం రుబీనా చేతివంక చూసింది. ఆ చెయ్యి పొడిగా ఉంది.

“నువ్వు తినలేదు కదూ,” అంటూ కంచంలో అన్నం పెట్టి, కూర వేసి, ఆమె ముందుకి జరిపింది. వడ్డించడం తప్ప తినడం గుర్తేలేని రుబీనా కళ్లనీళ్లతోనే తినేసింది. అయాకా అంచు పట్టుకోగానే గుడ్డ మెత్తగా మడత పడింది.

మర్నాడు అట్టపెట్టెల కోసం వచ్చిన వ్యాను ఖాళీగా వెనక్కెళ్లింది. కాసేపటికి రుబీనా తలుపు దడదడలాడింది. ఎవరో అరచేత్తో బాదుతున్నారు.

“అన్నం పెట్టేశా,” అంది గుమ్మంలో నగిసా. “తాలింపు నువ్వెయ్యి. అలారం మోగితే మోగనీ.”