గురప్పకు నయమైన సంగతి

తిరుపతిలో గంగమ్మ జాతర వారం వచ్చిందంటే గురప్ప కొట్టు ముందు మీసాలవాళ్లు బారులు తీరుతారు, రవికలు కుట్టించుకోవడానికి. ఆదివారం మాతంగి వేషం. ఆ రోజు మగవాళ్లు చీరలు కట్టి, జడలు పెట్టి, అమ్మవారి మొక్కు తీర్చుకుంటారు. మగవాడికి రవిక కొలత తీయాలంటే చాలామంది టైలర్లకు సిగ్గు. గురప్పకు ఆ సిగ్గును ఇరవై మూడేళ్ల కిందటే పీకి పారేశారు, ఇంకా కొన్నింటితో కలిపి.

"ఎద కాడ బిగువుగా ఉండాలప్పా," అన్నాడు సుబ్బన్న. రిక్షా తొక్కే మనిషి, చీపురంత మీసం. "పోయినేడు ఇంకోడు కుట్టింది గోనెసంచి మాదిరి యాలాడె. మా ఆడది పడీపడీ నవ్వింది."

"బిగువు రావాలంటే లోపల ఏందన్నా ఉండాల గదరా. ఏం పెడతావు?"

"బత్తాయిలు. రెండు."

"ముందే జెప్పద్దా? బత్తాయిలకు కొలత వేరే," అని గురప్ప టేపు కాస్త వదులు చేశాడు.

అప్పుడు వచ్చింది అక్క వరదమ్మ. సుబ్బన్నను బయటికి పంపేదాకా నోరు విప్పలేదు. తలుపు సగం మూసి, గొంతు తగ్గించి అంది: "మా పంకజాక్షికి నీ జబ్బే వచ్చిందిరా."

గురప్పకు ఉన్నవి మూడు జబ్బులు. ఒకటి చక్కెర, ఒకటి నడుమునొప్పి. గొంతు తగ్గిందంటే మూడోదే.

పంకజాక్షికి ఇరవై రెండేళ్లు. ఒక ఆఫీసులో టైపిస్టు. ఆస్పత్రిలో నర్సు సంతోషమ్మతో స్నేహం. ఇద్దరూ కలిసి సినిమాలకు పోతుంటే వరదమ్మ మొదట సంతోషించింది, మగపిల్లలతో తిరగడం లేదు కదా అని. మొన్న దిండు కింద సంతోషమ్మ రాసిన కాగితం దొరికింది.

"మొగుడు పెండ్లానికి గూడా అట్ల రాయడురా!"

"బావ బతికుండగా నీకెప్పుడన్నా రాసినాడా?"

"రాసినాడు. రేషను షాపులో ఏమేం తేవాలని." వరదమ్మ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "బేస్తవారం స్వామి ఊళ్లోకి వస్తాడంట. ఆడనే దీన్ని అప్పజెప్పేస్తా. మండలం రోజులు మఠంలో పెట్టుకుంటే సరిపోతాదంట. నువ్వూ నీ పెండ్లాం శకుంతలమ్మా వచ్చి పక్కన నిలబడండి. నిన్ను సూస్తే దానికి ధైర్యమొస్తాది."

స్వామి అంటే నిజబోధస్వామి. చంద్రగిరి అవతల మామిడితోటల్లో మఠం. ఏటా స్వామి పుట్టినరోజుకు గురప్ప భార్యతో సహా వేదిక ఎక్కాలి. "వీడు ఆడంగిగా వచ్చాడు, మగాడై పోయాడు" అని స్వామి చూపిస్తాడు. జనం చప్పట్లు కొడతారు. ఒక శాలువ కప్పుతారు. అలా ఇరవై రెండు శాలువలు. గురప్ప వాటిని ఇస్త్రీ బల్ల మీద ఒకదానిపై ఒకటి పరిచాడు. భక్తి సంగతి ఏమోగాని, ఇస్త్రీకి మాత్రం మంచి మెత్తన. ఎందుకు పోతాడంటే, ఒక్క ఏడాది పోకపోయినా జబ్బు తిరగబెట్టిందని ఊరంతా అనుకుంటుందని భయం.

గురప్పను వాళ్ల నాయన మొదట పుత్తూరు వైపు ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయాడు. పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కడతారు కాబట్టి దీనికి కూడా ఏదో ఒక కట్టు ఉంటుందని ఆయన ఆశ. ఎక్కడ కట్టాలో తేలక, అక్కడినుంచి నేరుగా మఠానికి తోలుకుపోయాడు. గురప్పకు అప్పుడు ఇరవై.

మధ్యాహ్నం పంకజాక్షే వచ్చింది. స్టూలు మీద కూర్చుని, కాలు ఊపుతూ, మామ హుక్కులు కుట్టడం చూసింది.

"పోతా మామా," అంది. "పోకుంటే అమ్మ ఆస్పత్రికి పోయి సంతోషమ్మ జుట్టు పట్టుకుంటాదంట. పాపం, దాని ఉద్యోగం పోతాది. నలభై రోజులే గదా. ఉప్పులేని కూడు తిని, భజన చేసి వస్తా. నీకేం కాలేదు గదా."

గురప్ప ఇంకో హుక్కు అందుకున్నాడు.

"నిజం జెప్పు. నయమైందా నీకు?"

"రైకలు చానా ఉండాయి మే. ఆదివారానికి ఇయ్యాల."

"మామా! సూది!"

గురప్ప చూసుకున్నాడు. సూది ఎడమ అరచేతిలో సగందాకా దిగి ఉంది. బట్ట అనుకుని చేతిని కుట్టుకుంటున్నాడు. తాపీగా లాగి, ప్యాంటుకు తుడిచాడు.

"నొప్పి ల్యా?"

"యాడుండాది? కాల్చేసినారు గదా."

అప్పుడు చెప్పాడు. మఠంలో పొద్దున్నే స్వామి ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమంటారు. నీకు ఇష్టమైనవాడి మొగం తలచుకో అంటారు. గురప్పకు తలచుకోవడానికి కష్టపడే పని లేదు. వెంకటముని అని, కుట్టుపని నేర్చుకున్న చోట పక్క మిషను మీద కూర్చునేవాడు, నవ్వితే బుగ్గన సొట్ట. మొగం కనిపించిందా అని అడుగుతారు. కనిపించిందంటే అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగిస్తారు. కనిపించలేదంటే అబద్ధమాడావని అప్పుడూ వెలిగిస్తారు.

"మరి ఎట్ల బయటపడితివి?"

"నేర్చుకుంటి. కనపడలేదని మొగం కదలకుండా జెప్పడం. నలభై రోజుల్లో నాకు వచ్చిన విద్య అదొక్కటే. నయమైందని శాలువ కప్పినారు." అరచేతిని రుద్దుకున్నాడు. "సూది గుచ్చినా తెలీదు మే. యాడన్నా మంచి మొగం కనపడితే మాత్రం సర్రున మండుతాది."

తనతోపాటు మదనపల్లె వైపు పిల్లవాడు ఒకడు ఉండేవాడు, చిన్నబ్బ. పద్దెనిమిదేళ్లు. వాడికి అబద్ధం చెప్పడం రాలేదు. రెండు చేతులూ అయిపోయాయి. ముప్పై ఒకటో రోజు మఠం బావిలో తేలాడు. ముక్తి పొందాడని స్వామి ప్రకటించి, పులిహోర పంచాడు.

పంకజాక్షి కాలు ఊపడం ఆగిపోయింది. "ఇదంతా కడుపులో పెట్టుకుని, ఏటేటా పోయి శాలువ కప్పించుకుంటివే మామా! నిన్ను సూసి మా అమ్మ నన్ను పంపిస్తా ఉండాది. ఇంకా ఎంతమంది పంపినారో!"

లేచి పోయింది. గురప్ప ఆ సాయంత్రం ఒక్క హుక్కు కూడా కుట్టలేదు.

బేస్తవారం బండ వేషం. ఒంటి నిండా కుంకుమ, దానిపై తెల్లచుక్కలు. వేషం కట్టినవాడు ఎవరినైనా ఎంతైనా తిట్టవచ్చు. కలెక్టరును తిట్టినా అడ్డు చెప్పకూడదు. అమ్మవారికి బూతులంటే ఇష్టం, తిట్లు తిన్నవాడికి పుణ్యం. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి రోజు గురప్పకు తోచలేదు.

"నేను వేషం కడతా," అన్నాడు భార్యతో.

"కట్టు. ఆ కుంకుమ నా చీరలకు అంటకుండా సూడు," అంది శకుంతలమ్మ. ఇరవై రెండేళ్ల కాపురంలో వాళ్ల మాటలు చాలావరకు చీరలు, బియ్యం, నీళ్ల గురించే.

స్వామి దిగిన బియ్యం వ్యాపారి ఇంటి ముందు పందిరి. స్వామి పట్టుకుర్చీలో ఉన్నాడు. పక్కన శకుంతలమ్మ, వరదమ్మ. మధ్యలో పంకజాక్షి, చేతిలో బట్టల సంచి. ఎర్రగా ముంచి తీసినట్టున్న గురప్ప వేపమండతో దూకుతూ వచ్చాడు. వెనక సుబ్బన్నా వాడి రిక్షావాళ్లూ, అందరూ కుంకుమలోనే.

"ఒరే దొంగ నాకొడకా! నీ పాడె గట్టా! పసిబిడ్డల చేతుల్లో కర్పూరం వెలిగిస్తివి గదరా! చిన్నబ్బను బావిలో ముంచి పులిహోర తింటివి గదరా! నీ కుర్చీ కాల్చ! నాకు నయం జేసినావా? నీ తాతొచ్చినా చేయలేడు, ముండాకొడకా!"

జనం విరగబడి నవ్వారు. ఈలలు. "భలే తిట్టినావు గురప్పా, ఇంకోటి ఎయ్!" అన్నారు ఎవరో. స్వామి కూడా నవ్వాడు. చెయ్యెత్తి, "గంగమ్మ తల్లి ఆశీర్వాదం. వీడి నోట పలికింది," అని కొత్త శాలువ తెప్పించి స్వయంగా గురప్ప భుజాన కప్పాడు. ఇరవై మూడోది.

గురప్ప భుజాన శాలువను చూసుకున్నాడు. ఇన్నేళ్లకు నోరు తెరిస్తే దాన్ని ప్రసాదం చేసి పంచేశాడు ముసలోడు! పంకజాక్షి ఒక్కతే నవ్వలేదు. సంచి రెండు చేతులా పట్టుకుని మామనే చూస్తోంది.

వేషగాళ్ల కాళ్లు కడగడానికి పందిరి గుంజ దగ్గర పసుపునీళ్ల బిందె ఉంది. గురప్ప దాన్ని ఎత్తి నెత్తిన గుమ్మరించుకున్నాడు. శాలువతో మొగం తుడిచాడు, మెడ తుడిచాడు, పొట్ట తుడిచాడు. కుంకుమ కిందినుంచి నలభై మూడేళ్ల టైలరు బయటపడ్డాడు, నెరిసిన రొమ్ము, జారిన పొట్టతో. నవ్వులు తగ్గాయి.

"ఇప్పుడు వేషం ల్యా," అన్నాడు మామూలు గొంతుతో. "తిట్టడం ల్యా. నేను టైలరు గురప్పను. ఇందాక జెప్పిందంతా జరిగిందే. చిన్నబ్బ బావిలో పడి సచ్చినాడు, నేను సూసినా. నాకు నయం కాల్యా. నయం కావడానికి అది జబ్బు గూడా కాదు. ఏటా మఠానికి పోయి అయిందని అబద్ధమాడినా. నన్ను నమ్మి బిడ్డల్ని పంపినోళ్లు ఎవరన్నా ఉంటే, నన్ను చెప్పుతో కొట్టండి."

ఎవరూ చెప్పు తీయలేదు. స్వామి శిష్యులు ఇద్దరు ముందుకు వచ్చారు. సుబ్బన్న చీపురు మీసంతో అడ్డం నిలబడ్డాడు. "జాతరలో చెయ్యెత్తద్దప్పా. ఎత్తితే మేముగూడా ఎత్తాల్సి వస్తాది."

"వాడికి కలి పట్టింది," అన్నాడు స్వామి. "భార్య ఉంది కదా, ఆమెనే అడగండి."

అది స్వామి చేసిన తప్పు. ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

శకుంతలమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. "అడగండి. ఒక కొంపలో ఇద్దరు బాడుగకున్నట్టు ఉండాము. ఆయన మంచోడే. నన్నొక మాటనల్యా. సామీ, ఆయనకేదో జబ్బన్నావు. మరి నాకేం జబ్బని ఆయనకు కట్టబెడితివి? పడుచుపిల్లను, నన్ను మందుగా అరగదీసినావే!"

స్వామి అప్పటికీ బెట్టు వదలలేదు. "వరదమ్మా, పిల్లను ఇటు తీసుకురా," అన్నాడు.

వరదమ్మ లేచింది. పిల్లను కాదు, తమ్ముడి ఎడమచెయ్యి పట్టుకుంది. అరచేతిని వెలుతురుకు తిప్పింది. మైనం కారి గడ్డకట్టినట్టుంది చర్మం. పైటకున్న పిన్నీసు ఊడదీసి, తమ్ముడి మొగం చూస్తూ, అరచేతిలో గుచ్చింది. గురప్ప రెప్ప కొట్టలేదు. ఇంకా లోపలికి గుచ్చింది. రక్తపు చుక్క లేచింది. ఆమే "అబ్బా" అంది.

"ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుకోని ఉంటివిరా?" అంది. "బత్తాయా?"

పిన్నీసు పైటకు పెట్టుకుని, కూతురి చేతిలో సంచి లాక్కుంది. "పా ఇంటికి. ఆ సంతోషమ్మ సంగతి నాకింకా మింగుడు పళ్లా, పళ్లికిలించద్దు. అయినా నీ చెయ్యి కాల్చేదానికి నేనెవర్నీ ఒప్పుకోను. కాల్చాలంటే నేనే కాలుస్తా."

స్వామికి మొక్కకుండానే ఇద్దరూ వీధి మలుపు తిరిగారు.

మర్నాడు పొద్దున కొట్టు తలుపుకు ఎవరో పేడ కొట్టి ఉన్నారు. శకుంతలమ్మ కడిగింది. ముగ్గురు గిరాకీలు రవికలు వద్దని కబురు పంపారు. నాలుగోవాడిగా సుబ్బన్న వచ్చాడు. తలుపు దగ్గర కాసేపు నసిగాడు.

"నిన్న జెప్పింది నిజమేనా అన్నా?"

"నిజమే."

"ఊ." మీసం గీరుకున్నాడు. "బత్తాయిలు యమా ధర పెరిగినాయి. ఇంకేమన్నా పెట్టొచ్చునా?"

గురప్ప ఇస్త్రీ బల్ల వైపు చూశాడు. శకుంతలమ్మ అప్పటికే కత్తెర అందుకుంది. అడుగున ఉన్న మొదటి శాలువ లాగి, నడిమికి కత్తిరించి, రెండు ఉండలు చుట్టి సుబ్బన్న చేతిలో పెట్టింది.

సుబ్బన్న నొక్కి చూసుకున్నాడు. "మెత్తగుండాయి వదినా. మిగతావోళ్లకు గూడా ఉండాయా?"

"ఇరవై రెండుండాయి," అంది శకుంతలమ్మ. "పిలుచుకోని రా."