తాయారు గీసిన వడ్డాది పటం

దుర్గాంబగారి మాట వినగానే తాయారు కుట్టుమిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"వడ్డాదిలో కూడా క్లబ్బు పెట్టాలే. నువ్వే వెళ్లి పెట్టాలి. ఇకమీదట ఆదివారాలు ఇక్కడ ఆటకు రాకు."

దుర్గాంబగారు చోడవరంలో ఆడపిల్లలకు భూగోళం చెప్పే టీచరు. మిలిటరీలో ఉన్న తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు రెండు దిక్సూచులు ఇచ్చి, ఓ కొత్త ఆట సంగతి చెప్పిపోయాడు. డెబ్భై ఒకటిలో ఆవిడ ఆ ఆటను ఊళ్లో మొదలుపెట్టారు. పేరు ఓరియంటీరింగ్. నోరు తిరగక జనం పటం పరుగు అన్నారు. జీడితోటల్లో, కొండవాలుల్లో అక్కడక్కడ ఎరుపు తెలుపు గుడ్డజెండాలు కడతారు. అవి ఎక్కడున్నదీ పటంలో గుర్తులుంటాయి. ఆ పటం చూసుకుంటూ వరస తప్పకుండా జెండాలన్నీ వెతికి, ఒక్కోచోట వేలాడే రంగు పెన్సిలుతో తమ చీటీ మీద గీత గీసుకుని, ముందుగా తిరిగొచ్చినవాళ్లది గెలుపు. దారి ఎవరూ చెప్పరు.

ఆవిడకి నలభై దాటాయి. భారీ మనిషి, పైగా కుడిమోకాలు నొప్పి. అయినా గొడుగేసుకుని తోటతోటా తిరిగి పటాలు గీసింది ఆవిడే. "ఒక్క జీడిపిక్క పోదు, నాది పూచీ" అని తోటల యజమానుల్ని ఒప్పించింది, "మీ పిల్లని వెంటబెట్టుకుని తెచ్చి అప్పగిస్తాను" అని తల్లులకు నచ్చజెప్పింది ఆవిడే. అలా తయారైన వాళ్లలో మొదటిది తాయారు. మహిళా మండలిలో కుట్టుపని నేర్పే ఆ ఇరవైరెండేళ్ల పిల్లను చోడవరంలో ఇంతవరకు ఎవరూ ఓడించలేదు.

"నన్నొదిలించుకుంటన్నారా టీచరుగారూ?" అంది తాయారు.

"అవునే. నువ్విక్కడుంటే ఇంకో ఆడగుంట పైకి రాదు. అక్కడ నువ్వు లేకపోతే ఆటే ఉండదు."

ఆ రెండో మాట తాయారు చెవికెక్కలేదు. కోపంతోనే ఆదివారం వడ్డాది బస్సెక్కింది.

దుర్గాంబగారు గీసిచ్చిన చిన్న పటాలు పట్టుకుని సంత దగ్గర నిలబడితే వచ్చింది ఇద్దరే. సైకిళ్లు బాగుచేసే పెదబాబు ఒకడు, సంతలో బెల్లం అమ్మే అచ్చియ్యమ్మ ఒకతె.

"ఏటో పంచుతారన్నారు. సీరలేటమ్మా?" అంది అచ్చియ్యమ్మ.

"సీరలు కాదప్పా, పటాలు."

"ఏ దేవుడియి?"

"దేవుడియి కాదు, మీ ఊరిది."

"మా ఊరు నాకు తెల్దేటి?" అంటూనే ఆమె పటం అందుకుని, తిన్నగా ఎడమకు నడిచింది. వెళ్లవలసింది కుడికి. తాయారు వెనకాలే పరుగెత్తింది.

"అచ్చరాలు నిలువుగా ఉండక్కర్లేదప్పా. కాయితం తిప్పు. గెడ్డ నీకు ఏపక్కనుంటే కాయితంలో గెడ్డా ఆపక్కకే రావాల."

అచ్చియ్యమ్మ కాగితం తిప్పింది. ఆగింది. కాగితాన్నీ, పక్కన పారే గెడ్డనూ మార్చి మార్చి చూసి, "ఓలమ్మ! అచ్చంగా మా గెడ్డే!" అని పకపకా నవ్వింది. పై ఆదివారం తనతో బెల్లం అమ్మేవాళ్లను నలుగుర్ని వెంటబెట్టుకొచ్చింది. పెదబాబు కుర్రాళ్లను పోగేశాడు. మేకలు రెండు జెండాలు మేసేస్తే తాయారు మళ్లీ కుట్టి, ఈసారి ఎత్తుగా కట్టించింది.

చలికాలం వచ్చేసరికి వడ్డాదివాళ్లకు పందెం పెట్టాలని సరదా పుట్టింది. దానికి ఊరి జీడితోటంతటికీ పెద్ద పటం కావాలి. గీసిపెట్టమని తాయారు టీచరుగారింటికి వెళ్లి అడిగింది.

"నేను రాను. నువ్వే గియ్యి. తప్పులొస్తే దిద్దుకో" అన్నారు దుర్గాంబగారు.

తాయారుకి మళ్లీ ఒళ్లు మండింది. పెదబాబు సైకిలు చక్రానికి గుడ్డపీలిక కట్టి, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దూరాలు కొలిచాడు. ఆమె పుట్టలూ, బండలూ, కాలిబాటలూ కాగితానికెక్కించింది. ముళ్లు గీరాయి, కుక్కలు తరిమాయి. గీసింది చెరిపి గీసేసరికి జీడిపూత కాస్తా పిక్క పట్టింది. ఆ పనిలో ఉండగానే ఒక మధ్యాహ్నం బండ మీద కూలబడి, ఇంత చాకిరీ ఆ మోకాలితో ఆవిడ ఎలా చేసిందా అనుకుంది. కోపం ఎప్పుడు పోయిందో తనకే తెలియలేదు.

పందెం నాడు చోడవరం నుంచీ, పొరుగున ఉన్న కోటపాడు నుంచీ జనం దిగారు. దుర్గాంబగారు న్యాయం చెబుతారని తాయారు నీడలో కుర్చీ వేయించింది. ఆవిడ కూర్చోలేదు. కొంగు బిగించి, "నాకో చీటీ ఇయ్యవే" అన్నారు.

"మీకా? మోకాలు..."

"మోకాలి సంగతి నేను చూసుకుంటాను. ఆట మొదలెట్టిందాన్నే గానీ, ఒక్కసారీ ఆడలేదు తాయారూ. పటం గీసేదీ నేనే, జెండాలు కట్టేదీ నేనే. ఎక్కడున్నాయో తెలిసి వెతికితే అది ఆటేటే? ఇంకొకళ్లు గీసిన పటం కోసం ఇన్నాళ్లూ కాసుకున్నాను."

తాయారు చీటీ ఇచ్చింది. తన పటం పట్టుకుని ఆవిడ కుంటుకుంటూ జీడిచెట్ల మధ్యకు పోతుంటే చూస్తూ నిలబడింది.

చోడవరం పిల్ల రాజ్యం అందరికన్నా ముందొచ్చింది. తాయారు ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ వెనకబడే గుంట ఆమె. అచ్చియ్యమ్మ నడుమన ఎక్కడో వచ్చి, గీతలన్నీ ఉన్న చీటీని కనబడ్డవాళ్లకల్లా చూపించింది. అందరూ వచ్చేశారు, దుర్గాంబగారు తప్ప.

"సైకిలేసుకుని సూసొస్తానప్పా" అన్నాడు పెదబాబు.

"వద్దు. ఆవిడాట ఆవిణ్ణి ఆడుకోనీ" అంది తాయారు. అందేగానీ కాళ్లు నిలవలేదు.

చివరికి ఎవరూ చూడని వైపునుంచి, గెడ్డలోంచి వచ్చారావిడ. చీర మోకాళ్లదాకా తడిసింది, జుట్టులో ఆకులు. మొహం మాత్రం చిన్నపిల్ల మొహంలా వెలుగుతోంది.

"తప్పిపోయానే! నిజంగా తప్పిపోయాను!"

తాయారు చీటీ అందుకుని చూసింది. ఒక గీత తక్కువ. చోడవరం పిల్లలంతా తనవైపే చూస్తున్నారు.

"ఒకటి దొరకలేదు టీచరుగారూ. లెక్కలోకి రాదండి" అంది తాయారు.

"రాదు మరి" అన్నారు దుర్గాంబగారు. అప్పుడావిడ మొహంలో కనబడినంత తృప్తి, తను గెలిచిన ఏ పందెంలోనూ తాయారు చూడలేదు.

ఆవిడ గడగడా నీళ్లు తాగి పటం మళ్లీ విప్పారు. "ఎక్కడుందో చెప్పకండర్రా" అని వచ్చిన దారినే తిరిగి నడిచారు. కోటపాడు వాళ్లు పటం ఎలా గీస్తారో నేర్పమని తాయారు చుట్టూ మూగారు. ఆమె వాళ్లకు చెబుతూనే ఉంది, చెవులు మాత్రం తోటవైపే. చోడవరం బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ ఎక్కలేదు. అది వెళ్లిపోయింది.

కాసేపటికి కొండవాలు పైనుంచి ఒక కేక వినబడింది.

"దొరికిందే తాయారూ!"