దుమ్ము సంచి

మేస్త్రీ షెడ్డులో దుమ్ముండదని ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. చేసేదేమో ఇసుకతో కొట్టి తుప్పు వదలగొట్టే పని. నిలువెత్తు ఇనుప పెట్టె, ముందో అద్దం, చేతులు దూర్చడానికి రెండు పొడుగాటి రబ్బరు తొడుగులు. లోపల గాలి ఇసుకను విసిరికొడుతుంటే ఎంత తుప్పు పట్టిన చక్రమైనా పావుగంటలో తళతళలాడుతూ బయటికొచ్చేది. ఇలాంటి పని జరిగే చోట మనిషికి మనిషి కనబడటమే కష్టం. ఈయన షెడ్డులో మాత్రం నేల మీద కూర్చుని భోంచేయవచ్చు.

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. ఆయనకు పని నేర్పిన పెద్దమేస్త్రీ దగ్గి దగ్గి, చివరికి గ్లాసెత్తి నీళ్లు కూడా తాగలేని స్థితిలో పోయాడు. అది కళ్లారా చూసినవాడు కనుక, సొంత షెడ్డు పెట్టిన రోజునే ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టె తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ చిరిగిందంటే ఆ పూటకు పని ఆగినట్టే. ఇసుక కట్టేశాక నూరు లెక్కపెట్టనిదే తలుపు తీయడు. ఆలోగా వెనకనున్న ఫ్యాను దుమ్మునంతా లాగి పెద్ద గుడ్డసంచిలోకి తోసేది. "మా ఆయన ఇనుముకు రోజూ స్నానం చేయిస్తాడు, తను చేయడానికే బద్ధకం" అని భార్య నలుగురిలో ఆటపట్టించేది.

వారం తిరిగేసరికి సంచి నిండేది. దాన్ని షెడ్డులో దులిపితే పడ్డ పాట్లన్నీ దండగే. అందుకని ఆదివారం ఆదివారం సంచి మూతి బిగించి కట్టి స్కూటరు మీద ఇంటికి తెచ్చేవాడు. ఆరుబయట గాలికి పోతుందిలే అనుకున్నాడు. ఇంటి వెనక రెండు గోడల మధ్య ఇరుకు సందులో ఆమె దాన్ని కుమ్మరించి, తీగకు వేలాడదీసి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని కర్రతో బాదేది. మొగుడి నిద్ర చెడకుండా తలుపు దగ్గరకు వేసి మరీ బాదేది. అలా పద్నాలుగేళ్లు. ఇంత తెలివైన మనిషికి ఆ దుమ్ము ఎక్కడికి పోతోందో ఒక్క ఆదివారమైనా తట్టలేదంటే ఏం చెప్పమంటారు!

నిరుడు ఆమెకు దగ్గు పట్టుకుంది. చలి అన్నారు, పొగ అన్నారు. ఈ ఏడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇక లాభం లేదని ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

"ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"పనేముందండీ, ఇంట్లోనే ఉంటాను."

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మేస్త్రీని ఒక్కణ్ణే ఆగమన్నాడు. "ఇది రాళ్లు కొట్టేవాళ్లకు, ఇసుకతో పనిచేసేవాళ్లకు వచ్చే జబ్బు. ఆవిడకెలా వచ్చింది?"

మేస్త్రీ తన పనీ, సంచీ, సందూ అన్నీ చెప్పాడు. డాక్టరు ఆయనకూ ఎక్స్‌రే తీయించాడు. చిన్న మచ్చ కూడా లేదు. ఉంటే బాగుండునని ఏడుపొచ్చింది ఆయనకు.

"తగ్గుతుందా అండీ?"

"పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి, అంతే."

ఇంటికొచ్చి రెండు రోజులు నోరు విప్పలేదు. చెబితే ఆమె తన మొహం చూస్తుందా? చెప్పకపోతే తను ఆమె మొహం ఎలా చూడాలి? మూడోనాడు ఆమే అంది, మంచం మీద దిండుకానుకుని:

"మీరు దిగులుపడకండి. నాదే తప్పు. చన్నీళ్లలో నానొద్దని ఎంతమంది చెప్పినా విన్నానా?"

ఆ మాట ఆయన తట్టుకోలేకపోయాడు.

"నీ తప్పు కాదే. సంచి వల్ల."

"ఏ సంచి?"

"నేను తెచ్చిన సంచే. ఆ దుమ్మే. షెడ్డులో లేకుండా ఊడ్చి, తెచ్చి నీ మీద పోశాను."

"మరి మీకో?" అంది.

"నాకేం లేదన్నాడు."

ఆమె కళ్లెర్రబడ్డాయి. ఆయన లేచి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎన్ని మాటలంటే అన్నీ పడదామనే కూర్చున్నాడు.

"ఊళ్లోవాళ్లందరికీ జాగ్రత్తలు చెప్పే మొనగాడివి," అంది ఆమె. పెళ్లయినప్పటినుంచి ఏనాడూ ఆయన్ని 'నువ్వు' అనలేదు. "కట్టుకున్నదాన్ని..."

అక్కడే ఊపిరి అందలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని మళ్లీ మొదలుపెట్టింది. "కట్టుకున్నదాన్ని..." మళ్లీ అక్కడే ఆగిపోయింది. చెప్పాల్సినదంతా కళ్లలో ఉంది, బయటికి రావడానికి గాలి లేదు.

"కట్టుకున్నదాన్ని మనిషిననుకోలేదు," అని ఆయనే పూర్తిచేశాడు.

అవునన్నట్టు తలూపింది. ఇంకా ఉందన్నట్టు చెయ్యి ఆడించింది.

"కళ్లుండీ గుడ్డివాణ్ణి," అన్నాడు. "నా నిద్ర నేను చూసుకున్న వెధవని..."

ఆమె ఊపిరి కూడదీసుకునేదాకా, ఆమె తిట్టాల్సిన తిట్లన్నీ ఆయనే ఒక్కొక్కటిగా తిట్టుకున్నాడు.