వెనక డిక్కీలో టైల్స్

అన్నయ్య ఇక దక్కడని ఆసుపత్రి నుంచి కబురు రాగానే మా ఆవిడతో కలిసి బయల్దేరాను. మాది బ్యాటరీ కారు. ఎక్కడ ఆగి ఎంతసేపు ఛార్జింగ్ పెట్టాలో ఫోన్‌లోని యాప్ లెక్కగట్టి చెబుతుంది. బండి ఖాళీగా పోవడం వర్తకుడికి అచ్చిరాదని, ఆ ఊరి దుకాణానికి పంపాల్సిన టైల్స్ పెట్టెలు వెనక సర్దాను.

యాప్ బరువు అడిగింది. ఉన్నది ఉన్నట్టు కొడితే రెండుచోట్ల ఆగి ఐదింటికి చేరతామంది. టైల్స్ సంగతి దాచి ఇద్దరు మనుషులమే అని కొడితే ఒక్కచోటే ఆగి నాలుగింటికి చేరతామంది. రెండోదే ఖాయం చేశాను.

"దీంతో కూడా బేరమేనా?" అంది మా ఆవిడ.

"ఇవన్నీ ఒకటికి రెండు చెబుతాయి. మనమే కాస్త తగ్గించుకోవాలి."

కొండదారి ఎక్కేసరికి ఛార్జ్ కళ్లముందే కరిగిపోయింది. ఒక లాడ్జి వెనకున్న ఛార్జర్ దగ్గర ఆగాం. అది నత్తకు నడక నేర్పే రకం. మూడు గంటలు తినేసింది. మధ్యలో అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు.

"ఎక్కడిదాకా వచ్చారు బాబాయ్? నాన్న కళ్లు తలుపు మీదే ఉన్నాయి."

"దగ్గరికొచ్చేశాంరా," అన్నాను. వాడికీ తగ్గించే చెప్పాను.

ఏడింటికి చేరాం. అన్నయ్య ఆరింటికి పోయాడు. నిజం కొట్టి ఉంటే గంటసేపు, టైల్స్ ఇంట్లో వదిలి ఉంటే రెండు గంటలు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చునేవాణ్ణి.

మా సంచులు దించుదామని అన్నయ్య కొడుకు డిక్కీ తెరిచి అలాగే నిలబడ్డాడు.

"ఇవేంటి బాబాయ్?"

ఏ సరుకు గురించి అడిగినా తడుముకోని నోరు నాది. ఆ పూట మాత్రం డిక్కీ మూసేశాను.