మూడో దోసిలి

సూరత్‌లోని సలాబత్‌పురాలో పవర్‌లూమ్ నడిపే నీలికుండల ధర్మరాజు ప్రతి అమావాస్యకూ తెల్లారేసరికి తాపీ ఒడ్డున ఉంటాడు. స్నానం చేసి, నువ్వులు కలిపిన నీళ్లు పెద్దలకు వదులుతాడు. తండ్రి నర్సయ్య పేరుకు మొదటి దోసిలి జారుతుంది. తాత లింగయ్య పేరుకు రెండోదీ జారుతుంది. మూడోది జారదు. వేళ్లు విడదీసినా నీళ్లు గాజుముద్దలా అరచేతుల్లోనే నిలబడతాయి.

"వచ్చే అమావాస్యకు చూద్దాంలే" అని పంతులు బ్రహ్మచారి గారు పక్కవాళ్ల దర్భలు సర్దేవారు. ధర్మరాజు ఆ నీళ్లతోనే షేరింగ్ ఆటో ఎక్కితే జనం జరిగి చోటిచ్చేవారు. ఇంట్లో తులసి కుండీ మీద చేతులు పెడితే అప్పుడు దిగేవి.

కారణం పెద్దదేం కాదు, వినండి. ముత్తాత పేరు ఎవరికీ తెలియదు. కరువులో ఊరు విడిచిన లింగయ్య ఆ పేరు ఎన్నడూ ఎత్తలేదు. పేరు తెలియనప్పుడు గోవిందుణ్ణి తలుచుకోమన్నారు. తలుచుకున్నాడు. గోవిందుడు విన్నాడు గానీ నీళ్లు కదల్లేదు. ఇరవై ఏళ్ల కింద నర్సయ్య పోతూ పోతూ అడిగింది ఒక్కటే: "నా చేతుల్ల నిలవడ్డ మా తాత దోసిలి, నీకది మూడోది, కింద పడెయ్యి బిడ్డా. ఆయన నీళ్ల దూపతోటి ఉన్నడు."

కూతురు ఇందుజ వంశవృక్షాల సైట్లన్నీ గాలించింది. సూరత్ కాగితాల్లో పేరు పక్కన తండ్రి పేరే ఉంటుంది. అందుకని 'ధర్మరాజు నర్సయ్య' అని వెతికినన్నాళ్లూ ఏమీ దొరకలేదు. చివరికి నానమ్మ తాయారమ్మ పెళ్లిపత్రిక చూసి ఇంటిపేరు కొట్టింది. ఒక్కటంటే ఒక్క చెట్టు వచ్చింది. పెట్టింది సూరత్‌లోనే అడాజన్‌లో ఉండే జమున, బ్యాంకులో రిటైరైన మనిషి. ఊళ్లో భూమి తాలూకు పాత పహాణీ ఫొటో కూడా జతచేసింది. పైన వీరయ్య. కింద ఇద్దరు కొడుకులు, రాజయ్య, లింగయ్య. జమున రాజయ్య మనవరాలు. లింగయ్య పక్కన 'కరువులో వెళ్లాడు, జాడ లేదు' అని ఉంది.

తండ్రీకూతుళ్లు వెళ్లేసరికి జమున హాల్లో రెండు సూట్‌కేసులు కట్టి ఉన్నాయి. పెళ్లి లేదు, తోడబుట్టినవాళ్లు లేరు. అమావాస్య సాయంత్రం హరిద్వార్ బండెక్కి, ఇక ఆశ్రమంలోనే ఉండిపోతుందట.

"ఆరేళ్లయింది ఆ చెట్టు పెట్టి. ఒక్కరూ తలుపు తట్టలేదు" అంది.

"బండి సాయంత్రం గదా అక్కా. పొద్దుగాల నది కాడికి రా" అన్నాడు ధర్మరాజు.

వచ్చింది. మూడో దోసిలి పట్టి "వీరయ్య" అన్నాడు. నీళ్లు బొటనవేలి పక్కనుంచి సన్నగా జారాయి. సగం పోయి ఆగాయి.

బ్రహ్మచారి గారు వంగి చూశారు. "ఇంకెవరో మిగిలారయ్యా."

ధర్మరాజు జమున వైపు తిరిగాడు. "అక్కా, మీ నాయినకు ఎవరు వదుల్తున్నరు?"

"కొడుకుంటే కదా."

"తమ్ముడున్నడు గద. పేరు చెప్పు."

జమున అతని దోసిలి మీదికి వంగింది. "పరుశురాం" అంది.

చేతులు ఖాళీ అయ్యాయి. తడి కూడా మిగల్లేదు.

హరిద్వార్ బండి టైముకే వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి, ఆ అమావాస్యనాడు సలాబత్‌పురా ఇంట్లో తులసికి చెంబుతో నీళ్లు పోశారు. పోసింది జమున.