తెల్లపలక మీది పోగు

సీసా మెడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఆమె ఒక్కసారి తిప్పి ఆపింది. లోపలి మందు సుడి తిరిగింది. నల్లపలక ముందు పెట్టి అయిదు లెక్కపెట్టింది. తెల్లపలక ముందు పెట్టి మళ్ళీ అయిదు. ఏమీ లేదు. పచ్చ ట్రేలో పెట్టి ఇంకో సీసా తీసుకుంది. నలుపు ముందు అయిదు. తెలుపు ముందు మూడో లెక్క దగ్గర సన్నటి నల్లని పోగొకటి మెల్లగా కిందికి జారింది. దాన్ని ఎర్ర ట్రేలో వేసి పుస్తకంలో రాసింది.

అవి ఇంజెక్షన్ మందు సీసాలు. నరంలోకి పోయే మందులో నూలుపోగు ఉన్నా, గాజు రవ్వ ఉన్నా ప్రాణానికే చేటు. తెల్లటి నలుసు నల్లపలక మీద బయటపడుతుంది, నల్లటిది తెల్లపలక మీద. సీసాను తిప్పి ఆపితే గాజు మీది గీత కదలదు, మందులోని నలుసు కదులుతుంది. ఆ ఉద్యోగానికి కావలసిన చదువంతా ఇంతే. ఆ చదువుతోనే ఆమె ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చింది. మెడ ముందుకు వంగి అలాగే ఉండిపోయింది. బొటనవేలి పక్కన సీసా మెడ ఒరుసుకుని కాయ కాసింది. కనురెప్పల అంచులు ఎప్పుడూ ఏడ్చి లేచినట్టు ఎర్రగా ఉండేవి.

ఫ్యాక్టరీలో అందరికీ ఆమె డేగక్క. ఇంట్లోనూ ఆ బుద్ధి పోలేదు. మంచినీళ్ళిస్తే గ్లాసు వెలుతురుకెత్తి తిప్పి చూసేది.

"అవి నీళ్ళేనే అక్కా, తాగు" అనేది చెల్లెలు. "వచ్చిన సంబంధాలన్నీ ఇలాగే దీపానికెత్తి చూసి తిరగ్గొట్టావు. నీళ్ళనైనా వదిలెయ్."

ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. చెల్లెలికి కీళ్ళు పట్టేసి నాలుగేళ్ళయింది. మంచం దిగి గుమ్మం దాకా రావడమే ఆమెకు ఊరి ప్రయాణం.

గోడకవతలి గదిలోకి యంత్రం వచ్చి ఎనిమిది నెలలు. అది సీసాను గిర్రున తిప్పి టక్కున ఆపి వరసగా ఇరవై ఫోటోలు తీస్తుంది. ఒక ఫోటోను మరొకదానితో పోల్చి, కదలనిది గాజుదనీ, కదిలింది నలుసనీ తేలుస్తుంది. "నీ పద్ధతే కదక్కా, దొంగతనం చేశాం" అని నవ్వేవాడు దాన్ని చూసుకునే ఇంజనీరు. ఏది మంచిదో ఏది చెడ్డదో యంత్రానికి తెలియడానికి డేగక్క తీసేసిన సీసాల ఫోటోలనే దానికి నేర్పించాడు. పదకొండుమంది కూర్చునే వరసలో పదిమంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. యంత్రం తేల్చుకోలేని సీసాలను చూడడానికి ఒక్క కుర్చీ ఉంచుతామన్నారు. అది ఎవరికో ఎవరూ అడగలేదు.

ఈమధ్య మాత్రం పోగులు ఎక్కువయ్యాయి. మందు నింపే గదిలోని అమ్మాయి అంగీ నుంచే రాలుతున్నాయని తేల్చి, పదిరోజుల కిందట ఆమెను పనిలోంచి తీసేశారు. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి డేగక్క బల్ల దగ్గర ఆగింది.

"రోజుకు రెండుసార్లు అంగీ మారుస్తానక్కా. ఒట్టు."

"నన్నేం చేయమంటావే? కంటికి కనబడింది రాశాను" అంది డేగక్క, చేతిలోని సీసా దించకుండానే.

పదకొండు గంటలకు ఇంజనీరు ఒక ట్రే పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఈ పన్నెండూ నువ్వు తీసేసినవి. వీటిల్లో ఏముందో కాస్త చూపించు."

"పోగుంది. కనబడట్లేదా?"

"కనబడితే నీ దగ్గరికెందుకొస్తాను? వీటిని చెడ్డవని నేర్పినప్పటినుంచి యంత్రానికి మతిపోయింది. మంచి సీసాల్ని కూడా తోసేస్తోంది."

"దానికి చూపానదేమో తమ్ముడూ. కళ్ళజోడు పెట్టించు."

అతను నవ్వలేదు. "మందు వడగట్టి మైక్రోస్కోపు కింద పెట్టానక్కా. ఏమీ లేదు."

ఆమెను తన గదికి తీసుకెళ్ళి తెర మీద ఒక సీసా ఫోటోను గుమ్మడికాయంత చేశాడు. ఆమె ముందుకు వంగింది.

"అదిగో" అని వేలు పెట్టింది.

వేలు పెట్టిన చోటినుంచి పోగు పక్కకు జరిగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జరిగింది. సీసాలో మందు కదులుతుంది గానీ, ఫోటోలో ఏది కదులుతుంది? ఆమె తలెత్తి సున్నం వేసిన గోడను చూసింది. పోగు గోడ మీదా ఉంది. చూపు ఎత్తితే పైకి తేలింది, దించితే కిందికి జారింది. ఎడమ కన్ను మూసింది. గోడ తెల్లగా, శుభ్రంగా ఉంది.

నిజం పోగైతే, నల్లదైనా, నల్లపలక ముందు ఎప్పుడో ఒకసారి వెలుతురు తగిలి మెరవాలి; ఇది అక్కడ ఒక్కసారీ కనబడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఇలా రాసుంటే ఆమె ఆ రోజే చెవి మెలిపెట్టి అడిగేది.

"కనబడిందా?" అన్నాడు ఇంజనీరు.

ఏం చెప్పినా నమ్ముతాడు. కెమెరాకు అందనంత సన్నంగా ఉందంటే చాలు, ఇంకో కెమెరా తెప్పిస్తాడు. కుర్చీ నిలుస్తుంది. చెల్లెలి మందులు ఆగవు. నింపే గది అమ్మాయి ఒక్కతే దొంగలా మిగిలిపోతుంది.

"అన్నం తిని వచ్చి చెప్తాను" అంది.

గిన్నె మూత తీసింది. తెల్లటి అన్నం మీద పోగు తేలింది. తెలిసి కూడా దాన్ని తీసెయ్యడానికి చెయ్యి ముందుకు పోయింది. ఆమె కాసేపు ఆ చేతినే చూసుకుని, గిన్నె మూసి లేచింది.

"పోగు సీసాల్లో లేదు సార్" అని సూపర్‌వైజరుతో అంది. "నా ఎడమ కంట్లో ఉంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, పిలిపించండి."

"ఎప్పటినుంచమ్మా?" అన్నాడాయన.

"తెలీదు సార్."

"తెలీదంటే ఎలా? లేనిది ఉందని తీసేశావు, పోనీ, చెత్తబుట్టలోకి పోయింది. ఉన్నదాన్ని చూడకుండా వదిలేసినవో? మూడు నెలల సరుకు నీ సంతకంతో బయటికెళ్ళింది. ఈపాటికి ఎంతమంది నరాల్లోకి ఎక్కిందో."

కుర్చీ పోతుందనుకునే వచ్చింది. ఇది అనుకోలేదు. వదిలేసిన సీసాలను ఇక ఎవరూ వెనక్కి తెచ్చి ఆమె చేతికివ్వలేరు.

చూపు మందగించినందువల్ల తనంతట తానే మానుకుంటున్నట్టు కాగితం రాయించారు. ఎక్కడ సంతకం పెట్టాలో సూపర్‌వైజరు వేలితో చూపించాడు. అంతకుముందు ఎప్పుడూ ఆమెకు ఎవరూ ఏదీ వేలితో చూపించలేదు. ఇంజనీరు గేటుదాకా వచ్చాడు.

"ఇవాళే డాక్టరుకి చూపించుకో అక్కా."

"నేను చెప్పినవన్నీ నీ యంత్రం చేత మరిపించు" అంది ఆమె. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడ వెంబడి నడిచి వెళ్ళిపోయింది.

నింపే గది అమ్మాయికి కబురు వెళ్ళింది. "రేపు ఇంకెవరి కంటికి ఏం కనబడుతుందో, నేను రాను" అని తిరుగు కబురు పంపింది. డేగక్క కంట్లో పొర చిరిగి కింది నుంచి నల్లటి తెర లేచిందనీ, ఆపరేషన్ చేసినా ఆ చూపు నిలవలేదనీ చెల్లెలు ఫోనులో ఇంజనీరుకు చెప్పింది. బయటికెళ్ళిన సరుకు సంగతి అక్క రోజూ అడుగుతోందంది. అతను ఏమీ తెలియలేదన్నాడు. అది నిజమే.

ఆ వారం చివర్లో ఆమె బల్లను నలుగురు కలిసి వరండాలోకి మోసుకొచ్చారు. పలకలు ఊడదీశారు, దీపం స్టోరుకు పోయింది. బల్ల అంచున మాత్రం, రంగంతా అరిగిపోయి, మోచేతులు ఆనిన చోట రెండు గుంటలు, మూరెడు ఎడంలో, నున్నగా ఉన్నాయి.